అలీపురం సాక్ష్యాలు

గుంటూరులో పుట్టి పెరిగినవాళ్ళం ఇంటి గుర్తు చెప్పేటప్పుడు బ్రాడీపేట నాలుగో లైను అనో, అరండల్‌పేట పన్నెండో లైను అనో అంటాం. ఆ రెండూ తెల్లదొరల పేర్లు. స్వరాజ్యం వచ్చి ఇన్ని దశాబ్దాలయినా ఒక్క అక్షరం తరగకుండా మన నోళ్ళలో నిలిచి ఉన్నాయి. అదే ఊళ్ళో దేశభక్త కొండా వెంకటప్పయ్య గారి పేరు పెట్టుకున్న కాలనీని మాత్రం తీరిక లేనట్టు కె.వి.పి. కాలనీ చేసేశాం. మొన్నీమధ్య ఆటోలో అటు వెళ్తూ ఆ మూడక్షరాలకు అర్థమేమిటని అబ్బాయిని అడిగితే, "ఎవరో బిల్డరు పేరనుకుంటానండీ" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అతనికి ఆ పేరు వెనక కథ చెప్పవలసిన వయసు మాది. 1902లో బందరులో కృష్ణా పత్రిక పుట్టడానికి కారకుల్లో ఒకరు, 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు ముందు నడిచినవారిలో ఒకరు, వకీలు వృత్తి వదులుకొని జైళ్ళ పాలైన మనిషి వెంకటప్పయ్య గారు. 1949లో ఆయన కన్నుమూసే నాటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడనే లేదు.

ఈ సంగతులు నేను బడిలో నేర్చుకోలేదు. మా అమ్మకు చిన్నాన్న, మాకు చిన్న తాతయ్య, బ్రాడీపేటలో మా పక్కింట్లోనే ఉండేవారు. 1932లో బళ్ళారి దగ్గరి అలీపురం క్యాంపు జైలులోను, 1942 తరువాత వెల్లూరు జైలులోను ఉండి వచ్చిన మనిషి. ఖద్దరు పంచె, భుజాన తుండు, చేతికి ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం. ఆయన ఉపన్యాసాలు ఇచ్చే రకం కాదు. ఆగస్టు 15న మా బడివాళ్ళు వచ్చి జెండా ఎగరేయమని పిలిస్తే, మోకాళ్ళ నొప్పులని సాకు చెప్పి తప్పించుకునేవారు. ఆ జెండా ఎగరేసే అవకాశం చివరికి మా వీధి బియ్యం వ్యాపారికి దక్కేది, పిల్లలకు ఆ ఏడు బిళ్ళలు కాస్త ఎక్కువగా దొరికేవి. ఆ విధంగా చూస్తే తాతయ్య మోకాళ్ళ నొప్పుల వల్ల మాకు లాభమే కలిగింది.

1972 ఆగస్టు 15తో స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు నిండాయి. ఆ సందర్భంలో కేంద్ర ప్రభుత్వం సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చి, పింఛను పథకాన్ని కూడా మొదలుపెట్టింది. జైలులో కనీసం 6 నెలలు ఉండి ఉండాలి, సంవత్సరాదాయం 5,000 రూపాయలు దాటకూడదు, అటువంటి వారికి నెలకు 200 రూపాయలు. ఆ రోజుల్లో 200 రూపాయలంటే పల్లెటూళ్ళో ఒక కుటుంబం నెల గడిచిపోయే డబ్బు. అయితే జైలుకు వెళ్ళినట్టు రుజువు కావాలి. ఎన్నో జైళ్ళ పాత రికార్డులు అప్పటికే చెదపట్టి పోయాయి, కొన్నింటిని కాలం చెల్లిందని తగలబెట్టేశారు. రికార్డు దొరకలేదని జైలువారు కాగితం ఇస్తే, అప్పుడు తోటి ఖైదీ వ్రాసి ఇచ్చిన సాక్ష్యం చెల్లుతుంది, ఆ సాక్ష్యం ఇచ్చేవాడు తాను ఎక్కువ కాలం శిక్ష అనుభవించినవాడై ఉండాలి. ఆ లెక్కన మా తాతయ్య సంతకానికి హఠాత్తుగా విలువ వచ్చింది.

ఆ చలికాలమంతా మా అరుగు సంతలా ఉండేది. పెదనందిపాడు వైపు నుంచి, పొన్నూరు వైపు నుంచి, బాపట్ల తాలూకా నుంచి ముసలివాళ్ళు బస్సు దిగి, ఎవరినో అడుగుతూ మా లైను వెతుక్కుంటూ వచ్చేవారు. తాతయ్య చేతులు వణికేవి కనుక రాత పని నాకు అప్పగించారు. అప్పుడు నేను హైస్కూలు కుర్రాణ్ణి, దస్తూరి బాగుంటుందని పేరు. అరఠావు కాగితం కింద నీలం కార్బన్ పెట్టి, దాని కింద ఇంకో కాగితం పెట్టి, బాల్ పెన్నుతో వేళ్ళు నొప్పిపుట్టేలా ఒత్తి రాయాలి. "నకలు మన దగ్గర ఉండాలిరా. ప్రభుత్వానికి పంపిన కాగితం ప్రభుత్వానిదే, తిరిగి మన మొహం చూడదు" అనేవారు. ప్రతి కాగితమూ ఒకే విధంగా మొదలయ్యేది: "నేను సత్యప్రమాణముగా వ్రాసి యిచ్చునది ఏమనగా". ఆ ఒక్క వాక్యం నేను ఎన్ని సార్లు రాశానో, ఇప్పటికీ కళ్ళు మూసుకొని రాయగలను.

వచ్చినవాళ్ళందరూ నిజం చెప్పేవారని కాదు. ఒకనాడు పట్టు కండువా వేసుకొని, వెంట ఒక మనిషిని పెట్టుకొని ఒక పెద్దమనిషి వచ్చాడు. తాను తాతయ్యతో పాటే అలీపురంలో సి క్లాసులో ఉన్నానని, బహుశా గుర్తు రాకపోవచ్చునని, సంతకం పెడితే చాలునని అన్నాడు. తాతయ్య చాలా మర్యాదగా మంచినీళ్ళు ఇప్పించి, "సంతోషమండీ. సి క్లాసులో మనకు పొద్దున ఏం పెట్టేవారో గుర్తుందా?" అని అడిగారు. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "ఇడ్లీలు" అన్నాడు. తాతయ్య నా వైపు తిరిగి, "రాయకు నాయనా, పెన్ను మూత పెట్టు. ఈయన మన జైలు కాదు, ఏదో మంచి హోటలు" అన్నారు. అలీపురంలో పొద్దున పోసేది రాగి అంబలి. అందులో రాళ్ళు ఏరుకోవడానికే సగం పొద్దు పోయేదని ఆయన ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. ఆ పట్టు కండువా ఆయనకు ఇంకెక్కడో సంతకం దొరికిందని, పింఛను కూడా వచ్చిందని తరువాత తెలిసింది. తాతయ్య ఆ మాట విని నవ్వారే గాని కోప్పడలేదు. అమ్మకు మాత్రం కోపమే, ఎందుకంటే పొలం మీద వచ్చే ఆదాయం వల్ల తాతయ్యకు ఆ పింఛను రాలేదు. 1980లో ఆదాయ పరిమితి తీసేసిన తరువాత కూడా ఆయన దరఖాస్తు పెట్టనే లేదు. అడిగితే, "నా సంతకానికి నేనే సాక్ష్యం పెట్టుకోవాలా?" అనేవారు.

ఆ అరుగు మీద నేను రాసిన కాగితాల్లో ఒకటి పింఛను కోసం రాసింది కాదు. పెదనందిపాడు వైపు పల్లె నుంచి ఒక ముసలావిడ మనవడిని వెంటబెట్టుకొని వచ్చింది. ముతక నేత చీర, చేతిలో గుడ్డ సంచి, అందులో మా ఇంటికని తెచ్చిన నాలుగు మొక్కజొన్న పొత్తులు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. 1932లో అతను అలీపురంలో 4 నెలలు ఉన్నాడు, అంటే పథకం కింద పనికిరాడు. తాతయ్య ఆ సంగతి చెప్పబోతే ఆవిడ అడ్డుపడింది. "డబ్బుల కోసం కాదన్నయ్య గారూ. పిల్లల నాన్న జైలుకెళ్ళాడంటే ఊళ్ళో నమ్మటం లేదు. బళ్ళారి పోయి మిల్లులో కూలి చేసుకొచ్చాడని మా మరిది కొడుకులు నవ్వుతున్నారు. ఎల్లాడని ఒక కాయితం రాసి ఇయ్యండి, చాలు" అంది.

తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పేరు, ఇంటిపేరు, ఊరు మళ్ళీ అడిగి, "పొగాకు నమిలే అలవాటు ఉండేది, అతనే కదమ్మా?" అన్నారు. ఆవిడ తలూపింది. జైల్లో పొగాకు దొరక్క మొదటి రోజులు గిలగిల్లాడాడని, ఆ తరువాత రాత్రి పూట బారకులో వేమన పద్యాలు చదివి అందరినీ నవ్వించేవాడని, అతని జరిమానా కింద ఇంట్లో ఇత్తడి బిందెలు జప్తు చేశారన్న ఉత్తరం వచ్చిననాడు మాత్రం చదవలేదని తాతయ్య ఒక్కొక్కటే చెప్పారు. "బిందెలు మూడు. ఒకటి మా పుట్టింటిది" అంది ఆవిడ. ఆ కాగితంలో తాతయ్య నా చేత అవన్నీ రాయించారు, పొగాకుతో సహా, బిందెలతో సహా. ప్రభుత్వానికి వెళ్ళే కాగితాలు పది వరుసలు దాటకూడదని నియమం పెట్టిన మనిషి, దానికి మాత్రం రెండు అరఠావులు పట్టినా ఏమీ అనలేదు. సంతకం కింద తేదీ కూడా ఆయనే, వణుకుతున్న చేత్తోనే వేసుకున్నారు.

సమరయోధులంటే మనం మెచ్చుకోలుగా చెప్పుకునే పేర్లను గురించి నాకు అప్పటి నుంచే ఒక అనుమానం మొదలైంది. ఎవరు గుర్తుంటారన్నది వాళ్ళు చేసిన పని పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి తేలదు. దాన్ని ఎవరైనా కాగితం మీద పెట్టారా, ఆ కాగితాన్ని ఎవరైనా పైకి చదివి వినిపించారా అన్నదాన్ని బట్టి తేలుతుంది. పెదనందిపాడు సంగతే చూడండి. 1922 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ ఫిర్కాలో రైతులు ప్రభుత్వానికి శిస్తు కట్టబోమని భీష్మించారు. పర్వతనేని వీరయ్య చౌదరి గారు శాంతిసేనను నడిపారు. మునసబులు, కరణాలు గుంపులు గుంపులుగా రాజీనామాలు ఇచ్చారు. గొడ్లను జప్తు చేసి వేలం వేస్తే పాట పాడేవాడు లేడు. అప్పటికి గుజరాత్‌లోని బార్డోలీ రైతుల శిస్తు నిరాకరణకు ఇంకా 6 సంవత్సరాల వ్యవధి ఉంది. మా హైస్కూలు పాఠంలో బార్డోలీకి పేజీన్నర, పెదనందిపాడుకు ఒక్క వాక్యం. బార్డోలీ రైతులు చేసినది తక్కువని నేను అనడం లేదు. కాని చౌరీచౌరా జరగగానే గాంధీజీ ఉద్యమాన్ని ఆపమన్నారు, మన వాళ్ళు ఆపి శిస్తు కట్టేశారు. గెలుపు అని రాసుకోవడానికి వీలులేని కథ కనుక పుస్తకం దాన్ని దాటేసి ముందుకు వెళ్ళిపోయింది. మునసబుగిరీ ఇంటి గౌరవంగా తరతరాలుగా వస్తున్న రోజుల్లో, దాన్ని ఒక్క కాగితం ముక్కతో వదిలేసిన మనిషి ఆ రాత్రి ఇంటికి వెళ్ళి భార్యతో ఏం చెప్పుకున్నాడో, ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ రోజుల్లోనే పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువులను మేపుకున్నందుకు వేసే పన్ను, కట్టబోమన్నందుకు కన్నెగంటి హనుమంతు గారిని పోలీసులు కాల్చి చంపారు. ఆయన కథను బుర్రకథలవాళ్ళు బతికించారు. ఆ పని చరిత్రకారులు చేసినదానికంటే బుర్రకథలవాళ్ళే బాగా చేశారని నా అభిప్రాయం.

చీరాల గురించి తాతయ్య చెప్పేటప్పుడు గొంతు వేరుగా ఉండేది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘం చేసి పన్నులు పదింతలు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద పదమూడు వేల పైచిలుకు జనం ఇళ్ళు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకొని, ఎండకు, వానకు ఓర్చి, 1921లో మొదలుపెట్టి 11 నెలలు అక్కడే బతికారు. పురుషుల సంగతి సరే, పన్ను కట్టనని జైలుకు వెళ్ళిన రావూరి అలమేలమ్మ గారి పేరు ఇవాళ చీరాలలోనైనా ఎందరికి తెలుసు? గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో చదువుకొని వచ్చి, రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళాన్ని నడిపి, జైలుకు వెళ్ళి, చివరికి చేతిలో డబ్బు లేక క్షయతో 1928లో పోయారు. అప్పటికి నలభై ఏళ్ళు కూడా నిండలేదు. ఆంధ్రరత్న అన్న బిరుదు మాత్రం బెజవాడ కాంగ్రెస్ భవనానికి తగిలించి ఉంది. నాయకుడి పేరు గోడ మీదకైనా ఎక్కింది, పాకల్లో ఉన్న పదమూడు వేల మంది పేర్లు ఏ గోడకూ పట్టవు. తాతయ్య వాదన ఏమిటంటే, నాయకుణ్ణి పొగిడి ఊరుకోవడం మనకు సులువు. ఒక పేరు, ఒక బొమ్మ, ఒక దండతో పని అయిపోతుంది. ఇంటికి తాళం వేసి పిల్లలను చంకన వేసుకొని పాకలోకి నడిచిన ఇల్లాలిని మెచ్చుకోవాలంటే ముందు ఆవిడ ఎవరో కనుక్కోవాలి, ఆ శ్రమ ఎవరికి కావాలి?

తరువాత ఉద్యోగరీత్యా నేను బెజవాడకు మారాను. చాలా ఏళ్ళు వన్‌టౌన్‌లో ఉన్నాను, కూరగాయలకు కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్ళేవాణ్ణి. వంకాయలు బేరమాడుతూ ఆ పేరును రోజూ తలుచుకునే ఊరు అది. అయ్యదేవర కాళేశ్వరరావు గారు నందిగామలో 1882లో పుట్టి, ఉద్యమంలో జైళ్ళకు వెళ్ళి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరు అయ్యారు. బెజవాడ రామమోహన గ్రంథాలయం వెనక ఉన్న చేతుల్లో ఆయనదొకటి. 1914లో గ్రంథాలయాల సంఘం పుట్టినది అక్కడే. పుస్తకాల మనిషి పేరు కూరగాయలకు దక్కడం ఏమిటని నేను ఒకసారి విసుక్కుంటే, తాతయ్య, "కూరలకైనా దక్కింది, సంతోషించు. ఎవరి పేరూ లేని మార్కెట్లు ఎన్ని లేవు" అన్నారు.

ఆ ఊళ్ళోనే పింగళి వెంకయ్య గారు 1963లో పేదరికంలో కన్నుమూశారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైనప్పుడు ఆయన గాంధీజీకి జెండా చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఆయనవి, రాట్నం ఆలోచన జలంధర్ హంసరాజ్ గారిది, తెలుపు గాంధీజీ చేర్చమన్నది. నేను బెజవాడకు వచ్చిన కొత్తల్లో ఆయన పేరు చెబితే "ఎవరాయన?" అన్నవాళ్ళే ఎక్కువ. 2009లో తపాలా బిళ్ళ వచ్చింది, తరువాత విగ్రహాలు వచ్చాయి, ఇప్పుడు ఆగస్టు 2 రాగానే ఫోన్ల నిండా ఆయన బొమ్మే. ఆలస్యంగానైనా జరిగింది, నాకు అందులో అసంతృప్తి లేదు. అయితే అదే బెజవాడ సమావేశంలో చేసిన తీర్మానం ఇంకొకటి ఉంది: జూన్ 30 లోపల తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు. ఆ కోటి రూపాయల కోసం మన జిల్లాల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు గడప గడపకూ తిరిగి, అణాలు, బేడలు పోగు చేసినవాళ్ళు ఉన్నారు, చేతి గాజులు తీసి జోలెలో వేసిన ఆడవాళ్ళు ఉన్నారు. జెండాకు ఒక మనిషి మొహం ఉంది కనుక తపాలా బిళ్ళ మీదికి ఎక్కింది. జోలెకు మొహం లేదు.

ఈ విషయంలో తెనాలివాళ్ళను చూసి నేను ఎప్పుడూ కాస్త అసూయపడతాను. 1942 ఆగస్టు 9న గాంధీజీని అరెస్టు చేసిన తరువాత, 12వ తేదీన తెనాలిలో జనం రైల్వే స్టేషను మీదికి వెళ్ళారు, పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు పోయారు. ఆ చోటు ఇవాళ రణరంగ చౌక్. మాజేటి సుబ్బారావు, శ్రీగిరి లింగం, తమ్మినేని సుబ్బారెడ్డి, గాలి రామకోటయ్య, ప్రయాగ రాఘవయ్య, జాస్తి అప్పయ్య, భాస్కరుని లక్ష్మీనారాయణ. వీళ్ళలో ఒక్కరూ నాయకులు కారు. ఉపన్యాసాలు ఇచ్చి పోయినవాళ్ళు కారు. కాని ఊరు వాళ్ళకు పేరు పేరునా చోటు ఇచ్చింది. ఏటా ఆగస్టు 12న దండలు వేస్తుంది. ఇంటిపేర్లను బట్టి చూస్తేనే తెలుస్తుంది, ఆ రోజు స్టేషను ముందు ఏ ఒక్క వాడనో, ఏ ఒక్క కులాన్నో నిలబెట్టి కాల్చలేదని. నాయకుల కులాలు లెక్కవేసి, మావాడు ముందా, మీవాడు ముందా అని ఫ్లెక్సీలు కట్టుకునే ఈ రోజుల్లో ఆ ఏడు పేర్లను వరుసగా పైకి చదవడం మంచి మందు.

తాతయ్య పోయాక ఆయన ఇనప్పెట్టె మా ఇంటికి వచ్చింది. అందులో పాత పత్రికలు, ఒక తకిలీ, నేను రాసిన సాక్ష్యాల నకళ్ళు. కార్బన్ అక్షరాలు కొంత వెలిసినా చదవడానికి ఇబ్బంది లేదు. ఉద్యోగ విరమణ తరువాత వాటిని జిరాక్సు తీయించి, ఊళ్ళ పేర్లను బట్టి ఆ కుటుంబాలను వెతికి పంపిస్తున్నాను. కొందరు అటకెక్కించి ఉంటారు. ఒకాయన మాత్రం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకొని, మనవరాలి చేత నాకు ఫోటో పంపించాడు. ఇంకొక కుర్రవాడు ఫోన్ చేసి, దీనితో ఇప్పుడు కాలేజీ సీటేమైనా వస్తుందా అని సూటిగా అడిగాడు. రాదని చెబితే, పోనీలెండి, నాన్నకు చూపిస్తానన్నాడు. ఆ సూటిదనం నాకు నచ్చింది.

రెండు అరఠావుల కాగితం తాలూకు కుటుంబం ఊరు వదిలి హైదరాబాదు వెళ్ళిపోయింది. ఊళ్ళో వాళ్ళను అడగగా అడగగా మునిమనవడి నంబరు దొరికింది, కాగితం ఫోటో తీసి పంపాను. రాత్రి పదకొండు గంటలప్పుడు జవాబు వచ్చింది. మూడు బిందెల సంగతి వాళ్ళ నాయనమ్మ చెప్పగా విన్నాడట, జైలు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదట. "అలీపురం అంటే ఏమిటండీ, ఆయన అక్కడికి ఎందుకు వెళ్ళవలసి వచ్చింది?" అని అడిగాడు. నాలుగు మాటల్లో చెబుదామని మొదలుపెట్టాను గాని, 1932 కంటే ముందు 1930 ఉప్పు సత్యాగ్రహం చెప్పాలి, ఉప్పు కంటే ముందు పెదనందిపాడు చెప్పాలి. రోజుకు కొంత రాసి పంపుతున్నాను. నిన్నటికి మునసబుల రాజీనామాల దగ్గరికి వచ్చాం.